వెలుతురుకు కొసరు

అనగనగా ఒక ఊరు. ఊఁ కొట్టండర్రా. మీరు కొట్టకపోతే ఈ కథలో గూబ ఉంది, అది ఊఁ కొడుతుంది. ఆనక భయమేసిందని నన్ననొద్దు.

ఊరి పేరు చిలకలదొడ్డి. ఫోటో పెట్టె మన వైపుకు కొత్తగా వచ్చిన రోజులవి. ఆ ఊళ్ళో పానకాలు శెట్టి అనే ధాన్యం వర్తకుడు ఉండేవాడు. మంచివాడే పాపం. భార్య కాలం చేసింది. పదేళ్ళ కూతురు తాయారు తప్ప అతనికింకెవరూ లేరు.

శెట్టికి ఒక దిగులుండేది. భార్య పోయి నాలుగేళ్ళయిందో లేదో, ఆవిడ మొహం అతనికి మరుపున పడుతోంది. బొట్టు గుర్తుంది, ముక్కుపుడక గుర్తుంది. మొహం మాత్రం రాదు. "కూతురి మొహమైనా పటంలో నిలుపుకుంటాను" అనుకుని, పట్నం వెళ్ళి ఒక ఫోటో పెట్టె తెచ్చుకున్నాడు.

మూడు కాళ్ళ మీద పెట్టె. పెట్టె ముందు అద్దం. అద్దానికి ఇత్తడి మూత. లోపల గాజు పలక పెట్టి, మూత తీసి, కాసేపు లెక్కపెట్టి, మళ్ళీ మూత వెయ్యాలి. ఆ పలకను చీకటి గదిలో మందునీళ్ళలో కడిగితే బొమ్మ తేలుతుంది. అంతే పని!

అంత తేలికైతే ఇంకేం. శెట్టి తీసిన పటాలన్నీ తెల్లబోయేవి. మొహాలకు బూడిద పూసినట్టుండేది. కళ్ళుండవు, ముక్కుండదు. చూసినవాళ్ళకు గుండె ఝల్లుమనేది.

"శెట్టిగారూ, మా అత్తగారు ఇంకా బతికే ఉందండీ. అప్పుడే దయ్యాన్ని చేసేశారేంటండీ?" అని ఒకావిడ మొహమ్మీదే అడిగేసింది.

శెట్టి లెక్క ఎలాగుండేదో చెబుతాను వినండి. ధాన్యం కొలిచేవాళ్ళు మొదటి మానికను ఒకటి అనరు, 'లాభం' అంటారు. తర్వాత రెండు, మూడు. కొలత అయ్యాక పైన ఒక గుప్పెడు కొసరు పోస్తారు. శెట్టి పటానికీ అదే వరస. గోడకేసి చూస్తూ "లాభం... రెండు... మూడు" అనేవాడు. మూత వెయ్యబోయి, చెయ్యూరుకోక, మరి కాసేపు తెరిచి ఉంచేవాడు. కొసరన్నమాట! అది తప్పని అతనికి తట్టనేలేదు. కొసరు పొయ్యడం తప్పని ఏ వర్తకుడికైనా తడుతుందా?

ఇంట్లో కిటికీ లేని గది గాదె గది ఒక్కటే. దీపానికి ఎర్రగుడ్డ చుట్టి అక్కడే పలకలు కడిగేవాడు. ఆ గాదె మీద ఒక ముసలి గుడ్లగూబ కాపురముండేది. ఎలకల్ని తింటుంది కదా అని శెట్టి దాని జోలికి పోలేదు.

ఒక మధ్యాహ్నం మరో పలక తెల్లబోయింది. శెట్టి తల పట్టుకుని కూలబడ్డాడు.

"ఊఁ" అంది గాదె మీంచి ఒక గొంతు. "ఎందుకయ్యా ఈ తిప్పలు? నీ బదులు నేను చూస్తాను. నీ బదులు నేను లెక్కపెడతాను. నువ్వు మూత తియ్యి, వెయ్యి. చాలు."

శెట్టి తలెత్తి చూశాడు. ఎర్రటి వెలుతురులో రెండు గుండ్రటి కళ్ళు. రెప్ప వెయ్యడం లేదు.

"నీకేం ఇవ్వాలి?" అన్నాడు.

"ఏమీ వద్దు. నేను చూసిన దాన్ని ఇంక నువ్వు చూడక్కర్లేదు. అంతే."

శ్రమ తప్పుతుందనుకున్నాడు శెట్టి. వెర్రిబాగులవాడు! సరేనన్నాడు.

ముందుగా పెరట్లో జామచెట్టును తీశాడు. వెనక గాదె గది చీకట్లోంచి గూబ లెక్కపెట్టింది. పటం ఎంత బాగా వచ్చిందంటే, ఆకు ఆకునా ఈనెలు లెక్కపెట్టొచ్చు. ఊరంతా వచ్చి చూసి ముక్కున వేలేసుకుంది. తాయారు మాత్రం "నాన్నా, కొమ్మల సందున ఆ రెండు గుండ్రాలేంటి?" అంది.

"కాయలమ్మా" అన్నాడు శెట్టి.

మర్నాడు పెరట్లోకి వెళితే జామచెట్టు లేదు! ఎవరో కొట్టేశారని లబలబలాడుతూ ముందుకెళ్ళాడు. ఠపీమని నుదురు బొప్పికట్టింది. తడిమితే చేతికి గరుకుగా మాను తగిలింది. కంటికి మాత్రం గోడ కనిపిస్తోంది, కాకి కనిపిస్తోంది, చెట్టు లేదు. కాకి ఉత్త గాలిలో కూర్చుని తోక ఊపుతోంది.

భయపడ్డాడు. అయినా నలుగురి మెప్పు అప్పటికే తలకెక్కింది. 'పటంలో ఉందిగా' అనుకున్నాడు.

రెండోసారి తన ఒంటెద్దు బండికి కట్టే పుల్లన్నను తీశాడు. పటంలో ఎద్దు ఊపిరి పీలుస్తున్నట్టే ఉంది. దాని కంటిపాపలో మళ్ళీ ఆ రెండు గుండ్రాలు. మర్నాడు బండెక్కితే ముందు ఎద్దు లేదు. కాడి గాల్లో వేలాడుతోంది. మెడగంట గణగణమంటోంది, బండి దానంతటది కదిలిపోతోంది. ఇంకో వింత చూశాడు. లేని ఎద్దు నీడ మాత్రం దుమ్ములో పక్కనే నడుస్తోంది. శెట్టి కళ్ళు గట్టిగా మూసేసుకున్నాడు.

ఆ రెండు పటాలూ రాజుగారి దాకా వెళ్ళాయి. వాటిని కొలువులో కట్టించుకుని, "శెట్టీ, ఈసారి మనిషి పటం తీసుకురా" అని కబురంపాడు రాజు.

అప్పుడైనా ఆగాలా వద్దా? ఆగలేదు! ఆశ అలాంటిది మరి. 'ఒక్కసారే కదా, కూతురి మొహం శాశ్వతంగా నిలిచిపోతుంది' అని తనకు తాను నచ్చజెప్పుకున్నాడు. తాయారుకు పట్టు పరికిణీ కట్టి, గాదె గది గుమ్మం ఎదుట పీట మీద నిలబెట్టాడు.

మూత తీశాడు. అలవాటుగా గోడకేసి తిరిగాడు.

"ఒకటి" అంది చీకట్లోంచి గూబ.

"నాన్నా, ఎవరు లెక్కపెడుతున్నారు?" అంది తాయారు. "నువ్వు నాకేసి చూడవేం?"

"రెండు."

శెట్టి గిరుక్కున తిరిగాడు. పీట మీద పాదాల్లేవు. పరికిణీ అంచు లేదు. నడుం దాకా ఏమీ లేదు. పిల్ల గాల్లో తేలుతోంది, కింద మువ్వలు మాత్రం ఘల్లుమంటున్నాయి. కెవ్వున అరిచి మూత వేసేశాడు.

"సగంలో ఆపితే ఆగేదా?" అంది గూబ. "నా చూపు పడింది. ఇవాళ నడుము, రేపు రొమ్ము, ఎల్లుండి మెడ. ఆవలెల్లుండి పొద్దుగుంకేసరికి ఆ మొహం కూడా నాదే."

శెట్టి ఆ పలకను బండకేసి కొట్టాడు. గాజు ముక్కలయింది. పిల్ల కాళ్ళు మాత్రం కనపడలేదు.

అప్పుడు కూతురి చేతులు పట్టుకుని భోరుమన్నాడు. జరిగిందంతా ఏదీ దాచకుండా చెప్పాడు. "మీ అమ్మ మొహం పోగొట్టుకున్నాను. నీదీ పోగొట్టుకుంటే నేను బతకలేను తల్లీ" అన్నాడు.

తాయారు కళ్ళు తుడుచుకుంది. "నీకు కనపడనంత మాత్రాన నేను లేనట్టా? అందరికీ కనపడుతున్నాగా. ఎద్దు నీడ కనిపించిందన్నావు కదూ? గూబ చీకట్లో చూసేది, దానికి నీడలేం తెలుసు? వాటిని తీసుకుపోలేదు. రేపు పొద్దున్నే చెట్టు దగ్గర మొదలెడదాం పద" అంది.

మర్నాడు తెల్లవారగానే శెట్టి పెరట్లో కూర్చున్నాడు. కొట్టు తెరవలేదు. లేని చెట్టు నీడ నేల మీద పడమటికి సాగి ఉంది. దాన్నే చూశాడు. పొద్దెక్కేకొద్దీ నీడ పొట్టిదయింది. మిట్టమధ్యాహ్నం మొదలు దగ్గర ముడుచుకుంది. సాయంత్రం బావివైపు పాకింది. ఏ వెలుతురులో ఏ కొమ్మ నల్లబడుతుందో, ఏ ఆకు మెరుస్తుందో అన్నీ ఓపిగ్గా చూశాడు. నీడ కొసన ఒక ఆకు కనిపించింది. దాని పక్కన ఇంకోటి. పొద్దుగుంకే వేళకు చెట్టు చెట్టంతా నిలబడింది! ఇరవై ఏళ్ళ చెట్టుకు ఉత్తరపు కొమ్మ ఎండిపోయిందని అతనికి ఆ రోజే తెలిసింది.

వెనక్కి తిరిగితే తాయారు రొమ్ము దాకా లేదు.

రెండో రోజు కొట్టంలో ఎద్దు నీడ దగ్గర కూర్చున్నాడు. సాయంత్రానికి ఎడమ కొమ్ము వంకరతో సహా పుల్లన్న కనిపించింది. శెట్టి దాని మెడ కౌగిలించుకున్నాడు. అప్పటికి తాయారుకు మెడ కూడా లేదు. వాకిట్లో ఒక్క తల మాత్రం ముగ్గు మీద వంగి ఉంది, ముగ్గు దానంతటదే పడుతోంది.

మూడో రోజు పిల్లను ఎండలో నిలబెట్టి, ఎదురుగా బాసింపట్టు వేసుకుని కూర్చున్నాడు. జడ నీడ చూశాడు. మోచేతి నీడ చూశాడు. మధ్యాహ్నానికి పాదాలొచ్చాయి.

"కుడికాలి చిటికెనవేలికి గోరు సగమే ఉందేం తల్లీ?"

"నిరుడు నీ తూకంరాయి పడింది నాన్నా. నేనేడుస్తుంటే, 'ఆగమ్మా, లెక్క తప్పుతుంది' అన్నావు."

శెట్టి ఆ వేలు పట్టుకుని చిన్నపిల్లాడిలా ఏడ్చాడు. చూపు మాత్రం తిప్పలేదు. మోకాళ్ళు, చేతులు, భుజాలు ఒక్కొక్కటే వచ్చాయి. కానీ పొద్దు వాలింది. మొహం గడ్డం నుంచి కరిగిపోవడం మొదలయింది. గాదె గదిలోంచి "ఊఁ, ఊఁ" అని వినిపిస్తోంది. శెట్టి రెప్ప వాల్చలేదు. పక్కవాటు వెలుతురులో చెంప నీడ పట్టుకున్నాడు. అక్కణ్ణుంచి ముక్కు, పెదవులు, కళ్ళు. ఆ కళ్ళు తాయారు తల్లివే! నాలుగేళ్ళుగా ఆ మొహం అతని ఎదురుగానే తిరుగుతోంది.

"ఉన్నావే తల్లీ, ఉన్నావు!" అన్నాడు.

"అయితే ఇప్పుడు తియ్యి, నాకేసి చూస్తూ. ఇంకో మాట. గింజలకు కొసరు పోస్తే పుణ్యం నాన్నా. వెలుతురుకు కొసరు పోస్తే నా మొహం కొట్టుకుపోతుంది."

శెట్టికి అప్పుడు తట్టింది. ఎన్నాళ్ళ తప్పు!

మూత తీశాడు. కూతురి కళ్ళలోకి చూస్తూ "లాభం... రెండు... మూడు" అన్నాడు. కొసరుకని చెయ్యి దురదపెట్టింది. మూత వేసేశాడు.

గదిలో పలక కడుగుతుంటే గాదె మీద రెక్కలు టపటపలాడాయి. "నేను చూసిందంతా ఏదీ? నాకేమీ కనపడటం లేదు!" అంటూ గూబ గుమ్మంలోంచి వెలుతురులోకి దూసుకుపోయింది. పోయి పోయి జామచెట్టుకే గుద్దుకుంది. అందుకే గూబకు ఇప్పటికీ పగలు కళ్ళు కనపడవని మా అమ్మమ్మ చెప్పేది.

రాజుగారు ఆ పటం చూసి, "నవ్వు కాస్త చెదిరింది. ఈ గోరు విరిగిందేం?" అన్నాడు.

"విరిగింది కనుకే మహారాజా" అన్నాడు శెట్టి.

రాజు చాలాసేపు ఆ పటాన్నే చూశాడు. తర్వాత కొలువు గోడ మీద పాత పటాల వైపు తల తిప్పి ఉలిక్కిపడ్డాడు. చెట్టు లేదు, ఎద్దు లేదు. రెండింట్లోనూ గుండ్రటి కళ్ళు మాత్రమే ఉన్నాయి, రెప్ప వెయ్యకుండా. వాటిని గోడవైపు తిప్పించి, తాయారు పటాన్ని నడిమధ్యన కట్టించాడు.

కనుక పిల్లలూ, పెట్టె ఎంత గొప్పదైనా, తన కళ్ళతో ఓపిగ్గా చూడనివాడికి ఎదురుగా ఉన్నదీ దక్కదు.