పట్ట కింది పొట్టు

మద్దిలేటికి పది రోజులుగా ధ్యానం కుదరడం లేదు. తిండి సయించడం లేదు.

అతను పీరప్ప సామి ఆశ్రమంలో శిష్యుడు. ఆ ఆశ్రమానికి గోపురమూ లేదు, గంటా లేదు. ఉన్నదల్లా ఒక చిన్న కరెంటు ప్లాంటు. చుట్టుపక్కల రైతులు తెచ్చి పోసే వేరుశనగ పొట్టును బాయిలర్లో మండిస్తే, ఆ ఆవిరికి టర్బైను తిరిగి మూడు పల్లెల్లో దీపాలు వెలిగేవి, తాగునీళ్ళ మోటార్లు ఆడేవి. పొట్టు తడవకుండా చూసుకోవడం మద్దిలేటి పని. ఆ పని చేతికొచ్చి పక్షం రోజులు కూడా కాలేదు. పెద్దవాళ్ళందరినీ కాదని సామి తనకిచ్చాడని కాస్త గర్వం కూడా ఉండేది.

ఆ ఉదయం సామి దగ్గరికెళ్ళి కూర్చున్నాడు.

"సామీ, మనసు నిలబడ్డం ల్యా. ఏదన్నా గట్టి మంత్రం చెప్పండి."

సామి అతని ముఖం చూశాడు. "కుప్పల కాడికి పోదాం పా" అన్నాడు.

మద్దిలేటి కాళ్ళీడ్చుకుంటూ వెంట నడిచాడు.

టార్పాలిన్ పట్టలు కప్పిన పొట్టు కుప్పలు, సామి కట్టినవీ మద్దిలేటి కట్టినవీ, వరసగా ఉన్నాయి. సామి పొడుగాటి ఇనుప కడ్డీ తీసుకుని మొదటి కుప్పలో దింపి, పక్కనే రాయి మీద కూర్చున్నాడు. ఈ ఏడు పంట ఎట్లా పండిందీ, ఎవరి ఎద్దుకు కాలు నొచ్చిందీ తీరిగ్గా చెప్పుకొచ్చాడు. కాసేపయ్యాక కడ్డీ లాగి తడిమి చూశాడు. చల్లగా ఉంది. రెండోదీ అంతే. మూడో కుప్పలో కడ్డీ దిగాక ఎద్దు సంగతి ఎంతవరకూ వచ్చిందో మద్దిలేటి చెవికెక్కలేదు.

"లాగు" అన్నాడు సామి.

మద్దిలేటి లాగి, కొస పట్టుకుని వెంటనే వదిలేశాడు. "కాల్తాంది సామీ."

సామి పట్ట మీద చెయ్యి పెట్టి చూశాడు. "పైన సల్లగనే ఉందే" అన్నాడు.

మద్దిలేటి పట్ట అంచు పైకెత్తాడు.

"నేనే సామీ. పది దినాల కిందట వానొచ్చేటప్పుడు నిద్రపోయినా. పట్ట కప్పల్యా. కుప్ప సగం తడిసె. చెప్తే నన్ను ఈడ్నుంచి పంపిచ్చేస్తారని, పైన ఎండు పొట్టు పోసి కప్పెట్టినా."

తడి పొట్టును గాలాడకుండా మూస్తే లోలోపల ఉడుకుతుంది. ఉడికి ఉడికి ఒకనాడు తనంతట తానే అంటుకుంటుంది. ఆ సంగతి పాపం మద్దిలేటికి తెలియదు. ఇంకో నాలుగు రోజులు ఊరుకుని ఉంటే ప్లాంటు కూడా బూడిదయ్యేది.

సామి తిట్టలేదు. "పార యాడుంది?" అన్నాడు.

నీళ్ళ డ్రమ్ము దగ్గర పెట్టుకుని ఇద్దరూ పట్ట లాగేశారు. కుప్పను విప్పుతుంటే గుప్పున ఆవిరి లేచింది, పులిసిన వాసన కొట్టింది. నడిమధ్య పొట్టు నల్లబడి ఉంది. మధ్యాహ్నానికి దాన్నంతా బండ మీద పలచగా ఆరబోశారు. రెండెండలు తగిలితే మళ్ళీ మంటకు పనికొస్తుందని సామి చెప్పాడు.

పది రోజుల్లో మొదటిసారి మద్దిలేటికి ఆకలేసింది. ఇద్దరూ అక్కడే నీడన కూర్చుని జొన్నరొట్టె, ఉల్లిగడ్డ తిన్నారు. రొట్టె ఇంత రుచిగా ఉంటుందని అతను మరిచేపోయాడు.

"నేను దాచినానని మీకెట్ల తెలిసె సామీ?"

"నాకేం తెలుసు? అమాసకూ పున్నానికీ అన్ని కుప్పలూ పొడుస్తా. ఈ పొద్దు అమాస."

ఎవరూ గుమ్మడికాయల దొంగ అనకముందే తాను పది రోజులు భుజాలు తడుముకున్నాడన్నమాట. మద్దిలేటికి సిగ్గేసింది, ఆపుకోలేనంత నవ్వూ వచ్చింది.

సామి చెయ్యి కడుక్కుని, కడ్డీ తెచ్చి అతని చేతిలో పెట్టాడు. "ఇంగమీద నువ్వే పొడువు."

మద్దిలేటి కడ్డీని రెండు చేతులా పట్టుకున్నాడు.

"మీరు కట్టిన కుప్పలు గూడానా సామీ?"

"ముందు నావే పొడువు."