పచ్చిక కింద గుంట

పిల్లలూ, అడవి అంటే అంతా చెట్లే అనుకుంటాం కదా. అనగనగా ఒక అడవిలో, సరిగ్గా నడిమధ్యన, ఒక్క చెట్టు కూడా లేని చోటు ఒకటి ఉండేది. అంతా గరిక పచ్చిక. కాలు పెడితే మెత్తగా ఉండేది. పెద్ద జంతువులు అక్కడ మేసేవి కావు. అది పిల్లల ఆటస్థలమని అందరూ కలిసి వదిలేశారు. కుందేలు పిల్లలు, దుప్పి పిల్లలు, ముంగిస పిల్లలు పొద్దస్తమానం అక్కడే పరుగులు తీసేవి.

ఆ పచ్చికను చూసుకునే పని మనుబోతు ఏకాంబరానిది. రోజూ పొద్దున్నే పచ్చికంతా తిరగాలి. పల్లేరు తీగ కనిపిస్తే పీకెయ్యాలి. గుంట పడితే పూడ్చాలి. పాము పుట్ట ఉంటే అందరికీ చెప్పాలి. ఇంత పని చేస్తున్నాడని వాగు ఒడ్డున ఉన్న లేత గడ్డి అంతా ఆయనకే ఇచ్చేశారు. అందరూ ఆయన్ని మామయ్యా అని పిలిచేవారు.

మొదట్లో ఏకాంబరం బాగానే తిరిగాడు. తర్వాత తర్వాత గట్టు మీద నీడలో పడుకుని అక్కడి నుంచే చూడడం మొదలుపెట్టాడు. దూరం నుంచి చూస్తే పచ్చిక ఎప్పుడూ పచ్చగానే ఉంటుంది.

ఒక ఏడాది వానల్లో పచ్చిక అక్కడక్కడా పసుపు రంగుకు తిరిగింది. గోరింక చిట్టెమ్మ తన గుంపుతో వచ్చి వాలింది. మట్టిని ముక్కుతో పొడిచి చూసింది. వెంటనే ఏకాంబరం దగ్గరికి వెళ్లి, గడ్డికి వేరుపురుగు పట్టిందని చెప్పింది. అది మట్టిలో దాక్కుని వేళ్లు కొరికేస్తుందనీ, పసుపు పడ్డ చోట్ల మట్టిని తిరగెయ్యమనీ, పురుగుల్ని ఏరుకు తినే పని తాము చూసుకుంటామనీ చెప్పింది. అన్నాళ్లూ పిల్లల్ని అటు రానివ్వొద్దని కూడా అంది.

ఏకాంబరానికి ఆ మాట నచ్చలేదు. పండుగ దగ్గర పడింది. కొండ అవతలి అడవి వాళ్లు పరుగు పందేలకు వస్తున్నారు. వాళ్ల కళ్లకు పచ్చిక పచ్చగా కనిపించాలి. పొడిచి పొడిచి పచ్చికను పాడు చేస్తున్నది గోరింకలేనని నలుగురికీ చెప్పి, వాటిని తరిమేశాడు.

పురుగును తినేవాళ్లు పోయారు. ఇక పురుగుకు అడ్డేముంది?

కొన్నాళ్లకు కుందేలు సాంబయ్య పచ్చిక మీద గెంతితే, కాలి కింద గడ్డి చాపలా జారి లేచొచ్చింది. అడుగున ఒక్క వేరు లేదు. మట్టిలో తెల్లగా, లావుగా, వంకరగా పురుగులు కదులుతున్నాయి. సాంబయ్య భయపడి ఏకాంబరానికి చెప్పాడు. పండుగ అయ్యేదాకా నోరెత్తొద్దని ఏకాంబరం వాగు ఒడ్డు గడ్డిలో కొంత వాటా ఇచ్చాడు. సాంబయ్య తిన్నాడు. నోరు మూసుకున్నాడు.

ఆ తర్వాత ఒక అడవిపంది పురుగుల వాసన పట్టి వచ్చింది. కడుపు నిండేదాకా తవ్వి వెళ్లిపోయింది. పచ్చిక మధ్యలో లోతైన గుంట మిగిలింది. దాన్ని మట్టితో పూడ్చాలి, లేదా చుట్టూ ముళ్లకంప వెయ్యాలి. కానీ మట్టి పోస్తే పచ్చటి గడ్డిలో నల్లటి మచ్చ కనబడుతుంది. కంప వేస్తే వచ్చినవాళ్లు ఎందుకని అడుగుతారు. ఏకాంబరం ఏం చేశాడో తెలుసా? వేళ్లు లేని గడ్డి చాప ఒకటి సాంబయ్యతో కలిసి ఈడ్చుకొచ్చి ఆ గుంట మీద పరిచాడు. చూడడానికి ముచ్చటగా ఉంది.

ఈ పని చాలామంది చూశారు. నెమలి చూసింది, ముంగిస చూసింది, ముసలి జింకలు చూశాయి. ఎవరి దారిన వాళ్లు ఆ చోటును తప్పించుకుని నడిచారు.

పండుగ వచ్చింది. దుప్పి పొగడకు ఒక్కతే కూతురు, పేరు గోగి. ఆ అడవి పిల్లల్లో దాని పరుగే పరుగు. తల్లి ఆ ఉదయం కూతురి ఒళ్లంతా నాకి శుభ్రం చేసి, భయపడకుండా పరుగెత్తమని చెప్పి పంపింది. పందెం మొదలైంది. గోగి అందరికంటే ముందుంది. సరిగ్గా ఆ చాప మీద కాలు వేసింది. గడ్డి కిందికి దిగిపోయింది. ముందుకాలు ఎముక విరిగిన చప్పుడు గట్టు మీద కూర్చున్నవాళ్లకు కూడా వినిపించింది.

పొగడ పరుగెత్తుకొచ్చింది. కూతుర్ని మెడతో ఎత్తి గుంటలోంచి బయటకు లాగింది. గోగి విరిగిన కాలు నేల మోపలేక తల్లి పక్కన ఒరిగిపోయింది.

ఏకాంబరం గట్టు దిగకుండానే నింపాదిగా అటు చూశాడు. ఆటలన్నాక దెబ్బలు తగులుతాయన్నాడు. పరుగెత్తే పిల్లకు కాళ్ల కింద చూసుకోవడం నేర్పాలన్నాడు. అటు ఇటు నిలబడ్డవాళ్లు కూడా అవునవునని తలలు ఊపారు. పందెం మళ్లీ మొదలుపెడదామని ఎవరో అన్నారు.

అప్పుడు పొగడ తలెత్తింది. గుంట అంచున వేలాడుతున్న గడ్డి చాపను పళ్లతో పట్టి లాగి, అందరి ముందూ తిరగేసి పడేసింది. ఒక్క వేరు లేదు. దానికి అంటుకున్న పురుగులు ఎండకు మెలికలు తిరిగాయి.

"గడ్డి తనంతట తాను నడిచొచ్చి గుంట మీద పడుకోదు. దీన్ని ఇక్కడ పరిచిందెవరు?" అని అడిగింది.

సాంబయ్య తల దించుకున్నాడు. నెమలి మొహం తిప్పుకుంది. పొగడ ఒక్కొక్కరినీ చూసింది. ఎవరూ దాని కళ్లలోకి చూడలేదు. దానికి విషయం అర్థమైపోయింది.

"మీ అందరికీ తెలుసు. పక్కనుంచి నడవడం మీకు తెలిసింది. పక్కనుంచి పొమ్మని ఒక పసిదానికి చెప్పడానికి మాత్రం మీలో ఒక్కరికీ నోరు రాలేదు."

ఏకాంబరం అతిథుల ముందు గొడవ వద్దని బతిమాలాడు. ఇకమీదట వాగు ఒడ్డు గడ్డి సగం తల్లీకూతుళ్లదే అన్నాడు. ఎప్పుడూ మామయ్యా, మీరు అని పిలిచే పొగడ ఈసారి అలా పిలవలేదు.

"నీ గడ్డి నాకొద్దు. పచ్చిక బాగుందని నువ్వు అందరికీ చెప్పావు కదా. ఈ చివరి నుంచి ఆ చివరిదాకా నువ్వు నడువు. పరుగెత్తక్కర్లేదు, నడిస్తే చాలు. నువ్వు అవతలికి చేరితే నా కూతురిదే తప్పని ఒప్పుకుంటాను."

అందరూ ఏకాంబరం వైపు చూశారు. ఆయన ముందరి గిట్ట ఎత్తాడు. ఎక్కడ పెట్టాలో తెలియలేదు. ఎన్ని చోట్ల గడ్డి కింద వేరు లేదో, ఏ చాప కింద ఏముందో ఆయనకే తెలియదు. తిరిగి చూసి ఎన్నాళ్లయింది? ఎత్తిన గిట్టను మెల్లగా వెనక్కి, గట్టు మీదే పెట్టుకున్నాడు.

తాను ఒక్క అడుగు వెయ్యలేని చోట అడవిలో అందరి పిల్లల్నీ పరుగెత్తించాడు. ఆ సంగతి అప్పుడు అందరికీ కనబడింది.

కొండ అవతలివాళ్లు తమ పిల్లల్ని వెంటబెట్టుకుని వెళ్లిపోయారు. పొగడ మాత్రం కూతుర్ని పక్కన పడుకోబెట్టుకుని పచ్చిక మధ్యలోనే కూర్చుంది. ఇది బాగుపడేదాకా ఇక్కడ ఏ బిడ్డా పరుగెత్తదని చెప్పింది. మర్నాటికి ముంగిస తల్లి వచ్చి పక్కన కూర్చుంది. తర్వాత కుందేలు తల్లులు వచ్చారు. సిగ్గుపడుతూనే నెమలి కూడా వచ్చింది.

ఏకాంబరం చేతిలోంచి ఆ పని తీసేశారు. సాంబయ్యే వెళ్లి చిట్టెమ్మను వెతికి, తప్పు ఒప్పుకుని పిలుచుకొచ్చాడు. చెడ్డ గడ్డినంతా ఒలిచి పారేశారు. మట్టిని తిరగేస్తే గోరింకలు దిగి పురుగుల్ని ఏరుకు తిన్నాయి. గుంటల్లో మట్టి పోసి తొక్కారు. పచ్చిక అందం పోయి, పుండు పడ్డట్టు కనిపించింది. ఈసారి ఎవరూ దాన్ని కప్పలేదు. చుట్టూ ముళ్లకంప పెట్టి, ఇక్కడ ప్రమాదం ఉందని పిల్లలందరికీ చూపించారు. మరుసటి ఏడు తొలకరికి, ఆ వేరుపురుగుల్ని కనే పెంకు పురుగులు అంచున ఉన్న వేపచెట్ల మీద వాలితే, అవి మట్టిలో గుడ్లు పెట్టకముందే కోతులు కొమ్మలు ఊపి రాల్చాయి. వానలు ముదిరేసరికి కొత్త గరిక వేరు పట్టింది.

గోగి కాలు అతికింది కానీ వంకరగా అతికింది. అది నడుస్తుంది. పరుగెత్తలేదు.

ఒక రోజు ఏకాంబరం పొగడ దగ్గరికి వచ్చి, పచ్చిక మళ్లీ పచ్చగా అయింది కదా, ఇక తనను క్షమించమని అడిగాడు. పొగడ పక్కకు జరిగింది. వెనకాల గోగి నిలబడి ఉంది.

"అడగాల్సింది నన్ను కాదు, దాన్ని" అంది.

ఏకాంబరం ఆ వంకర కాలు వైపు చూడలేక, తల దించుకుని వచ్చిన దారినే వెళ్లిపోయాడు.

నీతి: పిల్లలు తిరిగే చోట ప్రమాదాన్ని కప్పిపెట్టినవాడిది ఎంత తప్పో, అది చూసి కూడా చెప్పకుండా తప్పుకుని నడిచినవాళ్లదీ అంతే తప్పు.