పడవ కింద టైర్లు

కృష్ణ ఒడ్డున ఓ చిన్న దర్గా. దాన్ని చూసుకునే మదార్ షా బాబా దగ్గర నాగూర్ వలీ అనే శిష్యుడున్నాడు. కొన్నాళ్లుగా ఆ అబ్బాయికి అన్నం సయించడం లేదు. కారణం దేవుడూ కాదు, దెయ్యమూ కాదు. రెండు టైర్లు.

దర్గాకి ఓ మోటారు పడవ ఉంది. మామూలు రోజుల్లో అది షెడ్డు పక్కన ట్రైలరు మీద ఉంటుంది. వరదొస్తే ట్రైలరుని జీపు వెనక తగిలించి, కరకట్ట మీదుగా రేవుకి లాక్కెళ్తారు. అవతల లంకలో చిక్కుకున్నవాళ్లని తీసుకొస్తారు. ఆ పడవ బాధ్యత నాగూర్‌ది. వంటశాలలో ఎలకలు పడుతున్నాయని అన్నదానం బియ్యం బస్తాలన్నీ పడవలోకి చేర్చింది కూడా అతనే. వరదొస్తే పడవా సిద్ధం, బియ్యమూ సిద్ధం. ఆ ఉపాయం తనదేనని వచ్చినవాళ్లందరికీ చెప్పుకునేవాడు.

పోయిన వరదకి పడవ కరకట్ట దాటలేదు. మధ్యలో టైరు పేలింది. పట్నం నుంచి ఇంకోటి తెప్పించి బిగించేసరికి సాయంత్రమైంది. ఈలోగా లంకలో బడి డాబా మీద, వానలో, రత్తమ్మ అనే ఆవిడ ప్రసవించింది. తల్లీబిడ్డా బతికారు. నాగూర్ చెవుల్లోంచి మాత్రం ఆ పసిబిడ్డ ఏడుపు పోలేదు.

పైగా పేలిన టైరు చూస్తే మతి పోతోంది. నేలకి ఆనే గాట్లు ఒక్కటీ అరగలేదు. పక్కన మాత్రం బారుగా చీలింది. అరగని టైరు ఎందుకు పేలినట్టు?

మళ్లీ వానలు దగ్గరపడ్డాయి. ఈసారి సరైనవే కొనాలని కనబడ్డవాళ్లందరినీ అడిగాడు. కారు టైర్లు చాలన్నాడు టైర్ల షాపతను. ఇసకలో దిగబడతాయి, వెడల్పువి తీసుకోమన్నాడు మోటారు మెకానిక్కు. వెడల్పువి బురదలో జారతాయి, లోతు గాట్లవి కావాలన్నాడు జీపు డ్రైవరు. గాలి తగ్గించమని ఒకరు, బిగించి కొట్టించమని ఇంకొకరు. అడిగినకొద్దీ బుర్ర వేడెక్కింది తప్ప దారి దొరకలేదు.

చివరికి ఆ పేలిన టైరునే దొర్లించుకుంటూ బాబా దగ్గరికొచ్చాడు. బాబా వంటశాల అరుగు మీద కూర్చుని పప్పులో రాళ్లేరుతున్నారు.

"బాబా, ఒకడు ఇదంటాడు, ఒకడు అదంటాడు. నా వల్ల కావడం లేదు. మీరొక మాట చెప్పండి, అదే తెచ్చేస్తాను."

"నేనెప్పుడన్నా టైరు కొన్నానా?" అన్నారు బాబా. "వెళ్లి పడవలోంచి ఒక బస్తా పట్టుకురా."

నాగూర్ బస్తా భుజానికెత్తుకొచ్చాడు. "ఎక్కడ దించను బాబా?"

"దించకు."

"మరి ఎక్కడికి తీసుకెళ్లను?"

"ఎక్కడికీ వద్దు. అక్కడే నిలబడు."

నిలబడ్డాడు. బాబా మళ్లీ రాళ్లేరుకుంటున్నారు. టైర్లకీ బియ్యానికీ ఏం సంబంధమో నాగూర్‌కి అంతుపట్టలేదు. పోయినేటి తప్పుకి ఇప్పుడు శిక్ష వేస్తున్నారా? అసలు తను అడిగింది ఆయనకి వినబడిందా? కాసేపటికి ఆలోచనలు పోయి భుజమొక్కటే మిగిలింది. మెడ పట్టేసింది. ఎండ అరుగు మీదికి వచ్చింది. పప్పు ఇంకా సగం ఉంది.

"బాబా," అన్నాడు ఇక ఆగలేక, "పోనీ దీన్ని రేవుదాకా మోసుకెళ్లి వస్తాను. నడుస్తుంటే ఇంత బాధ ఉండదు."

బాబా అప్పుడు చేట పక్కన పెట్టి తలెత్తారు.

"మిగతా బస్తాలు ఎవరు మోస్తున్నారు?"

నాగూర్ షెడ్డు వైపు చూశాడు. ఎర్రటి ఎండలో పడవ, పడవ నిండా తన బస్తాలు, వాటి కింద నేలకి అణిగిపోయిన రెండు టైర్లు. వానాకాలం నుంచి వానాకాలందాకా అవి అలాగే ఉన్నాయి. భుజం మీద బస్తాతోనే దగ్గరికి నడిచి, వంగి చూశాడు. పేలకుండా మిగిలిన పాత టైరుకి కూడా పక్కన సన్నగా పగుళ్లు పాకి ఉన్నాయి. ఇన్నాళ్లూ తను గాట్లే చూశాడు.

ఆ పూటే బస్తాలన్నీ వంటశాలకి తిరిగి చేరి, ఎలకలకి అందకుండా అటక ఎక్కాయి. జాకీతో ట్రైలరు లేపి, ఇరుసు కింద కొయ్యదిమ్మలు పెట్టి, వానలు పట్టేదాకా చక్రాలు గాలిలో ఉండేలా చేశాడు. పైన నీడకి తాటాకులు కప్పాడు.

మర్నాడు షాపతను మళ్లీ కారు టైర్లే తీయబోయాడు.

"ఇవి నడిచేది తక్కువ, అన్నా," అన్నాడు నాగూర్. "మీద బరువు పెట్టుకుని నిలబడేదే ఎక్కువ."

షాపతను ఆగాడు. "ఆ ముక్క ముందే చెప్పొద్దూ," అని లోపలికెళ్లి, పక్కలు మందంగా ఉన్న టైర్లు రెండు తెచ్చాడు. చూడ్డానికి ఏమంత బాగాలేవు.

వాటిని బిగించేసరికి పడమట మబ్బు పట్టింది. బాబా టీ గ్లాసుతో అటుగా వచ్చారు. నాగూర్ చేతులు తుడుచుకుంటూ లేచాడు. లోపలి బెరుకు ఇంకా పూర్తిగా పోలేదు.

"బాబా, సరైనవేనంటారా?"

బాబా టీ తాగడం పూర్తిచేశారు.

"నన్నడుగుతావేంటి నాగూరూ. నీ భుజాన్నడుగు."