నలుపు లోపలికి పోదు

పరబ్రహ్మంగారిని ఏదైనా అడిగితే జవాబు చెప్పరు, చెప్పులు తొడుక్కోమంటారు. హైదరాబాదులో ఆయన దగ్గర తర్కం చదువుకున్నవాళ్లందరికీ ఈ అలవాటు తెలుసు. అందుకే ఆ మధ్యాహ్నం త్రినాథ్ అనే శిష్యుడు ప్రశ్న వేస్తూనే గుమ్మం వైపు నడిచాడు.

ఆ రోజు సాయంత్రం నగరంలో పెద్ద దేశభక్తి సభ. అధికార పార్టీ పెడుతోంది. వాలంటీరుగా రమ్మని త్రినాథ్‌ను పిలిచారు. వెళ్లాలని అతనికి ఎంతో ఉంది, గురువుగారి ముఖం చూస్తే మాత్రం కాలు కదలడం లేదు.

"దేశం పేరెత్తిన ప్రతివాణ్ణీ మీరు అనుమానంగా చూస్తారు. నూటికి ఒకడు దొంగ అనుకున్నా, మిగిలిన తొంభైతొమ్మిది మందికీ అన్యాయం చేసినట్టు కాదా గురువుగారూ?"

"లెక్క బాగానే ఉంది. ఆ ఒక్కడెవడో నీకు తెలిసిపోతుందా?"

"చూస్తే తెలియదా అండీ?"

"అయితే పద, చూద్దాం."

మైదానం గేటు దగ్గర ఇద్దరూ క్యూలో నిలబడ్డారు. ఎవరో నల్లజెండాలు చూపించబోతున్నారని కబురు అందిందట, నల్లగా ఉన్నదేదీ లోపలికి పోనివ్వవద్దని పోలీసులకు ఉత్తర్వు. గొడుగులు, టోపీలు, చున్నీలు గేటుకు అడ్డంగా కట్టిన తాడు పక్కన కుప్ప పడుతున్నాయి. పదిమందిలో ముగ్గురి దగ్గర ఏదో ఒక నలుపు దొరుకుతోంది. ఒకాయన రంగు వేసిన తన జుట్టు చూపించి, "దీన్నేం జేస్తరు సార్, గొరిగిస్తరా?" అన్నాడు. ఎవరూ నవ్వలేదు. పక్కవాడు నవ్వుతాడేమోనని మాత్రం అందరూ ఓరగా చూసుకున్నారు.

వాళ్లకు ముందు అయ్యప్ప మాల వేసుకున్న మనిషి ఒకడు ఉన్నాడు. నల్ల చొక్కా, నల్ల లుంగీ, కాళ్లకు చెప్పులు లేవు. పేరు సాయిలు, వడ్రంగం చేస్తాడు. కానిస్టేబుల్ ఆయన్ను చూసి చేతులు జోడించాడు. జోడించిన చేతులతోనే అడ్డం నిలబడ్డాడు.

"స్వామి శరణం. నలుపు లోపలికి పోదు స్వామీ."

"దీక్షల ఉన్న స్వామీ. ఇది ఇప్పుతే ఎట్ల?"

"నాకెరుకలేదా? మా తమ్ముడు గూడ మాలేసిండు. ఏం జేద్దాం, మీదికెల్లి ఆర్డర్."

"నా బిడ్డ స్టేజి మీద పాడుతది. బడి పిల్లలందరి పాటనే గానీ నడుమల ఒక చరణం మా మానస ఒక్కతే పాడాలె. జనాన్ని జూస్తే దానికి గొంతు ఎండుతది. ముందట నిలబడు నాయినా, నిన్ను జూసుకుంట పాడుత అన్నది. ఇడువు స్వామీ, నీకు పున్నెముంటది."

కానిస్టేబుల్ తల అడ్డంగా ఊపాడు. త్రినాథ్ గురువుగారి చెవి దగ్గర గొంతు తగ్గించాడు. "నమ్మకండి. గొడవ చేసేవాళ్లు ఇలాంటి వేషాల్లోనే వస్తారు. కూతురు, పాట, ఇదంతా కట్టుకథ."

"చూస్తే తెలిసిందా?" అన్నారు పరబ్రహ్మంగారు. సాయిలు గేటు వదిలి పక్కనున్న బారికేడ్ వైపు వెళ్తుంటే, తామూ క్యూలోంచి తప్పుకుని ఆయన వెనకే నడిచారు. త్రినాథ్‌కూ తప్పలేదు.

అక్కడ జెండాలమ్మే ఆవిడ ఇదంతా వింటూనే ఉంది. దుప్పటంత జెండా ఒకటి సాయిలు భుజం మీద వేసింది. "నిండా కప్పుకో స్వామీ. నలుపు గింతగూడ అవుపడదు. జెండాను ఆపే మొగోడు ఇంకా పుట్టలే."

సాయిలు గేటు వైపు చూశాడు. లోపల మైకు సరిచేస్తున్నారు. జెండా అంచు ఆయన పాదాల దగ్గర మట్టికి తగులుతోంది. గబుక్కున ఎత్తి, దులిపి, నాలుగు మడతలు పెట్టి ఆవిడ చేతికిచ్చేశాడు.

"పట్టుకోమంటే ఎంతసేపైనా పట్టుకుంట. దీని ఎనక దాక్కొనుడు నాతోటి కాదమ్మా."

"అంత రోషమైతే ఈడనే ఉండు," అందావిడ.

ఆవిడ మాట పూర్తికాకముందే నల్ల కుర్తా వేసుకున్న మరో మనిషి వచ్చి ఆ జెండా లాక్కున్నట్టే కొనుక్కున్నాడు. అతని నడుము దగ్గర కుర్తా కింద ఏదో ఉబ్బెత్తుగా ఉంది. కాసేపటి క్రితం త్రినాథ్ కళ్లముందే పోలీసులు తడమబోతే చెయ్యి తోసేసి క్యూలోంచి వెళ్లిపోయినవాడే. ఇప్పుడు మెడ నుంచి మడమల దాకా జెండా చుట్టుకుని, పిడికిలి ఎత్తి, "భారత్ మాతాకీ!" అని గేటు మీదికి నడిచాడు.

"జై!" అంది క్యూ అంతా. అందరికంటే గట్టిగా అన్నవాడు త్రినాథ్. ఇందాకటి కానిస్టేబులే సెల్యూట్ కొట్టి, తాడు తానే పైకెత్తాడు.

అంతలో పాట మొదలైంది. సాయిలు బారికేడ్‌కు చెవి ఆనించినంత పని చేశాడు. పిల్లల గొంతులన్నీ కలిసి వస్తున్నాయి. రెండో చరణం దగ్గర అన్నీ ఒక్కసారి తగ్గాయి. తబలా ఒక్కటే నడిచింది. ఒక ఆవర్తనం, ఇంకొకటి. గొంతు రాలేదు. తర్వాత మిగతా పిల్లలు గబగబా అందుకుని ఆ ఖాళీని పూడ్చేశారు. మైదానం చప్పట్లతో దద్దరిల్లింది.

"అది మా పిల్లదే," అన్నాడు సాయిలు, ఎవరితోనూ కాకుండా. ఇనుప కడ్డీ మాత్రం వదల్లేదు.

త్రినాథ్ ఆయన ముఖం చూడలేకపోయాడు. లోపల జెండా చుట్టుకున్న ఆ మనిషి ఎక్కడైనా కనిపిస్తాడేమోనని కళ్లు చికిలించి వెతికాడు. మైదానం నిండా జెండాలే. గురువుగారి వైపు తిరిగాడు.

"గురువుగారూ, వాడి నడుము దగ్గర ఏముండి ఉంటుందంటారు?"

"అది జై అనకముందు అడగాల్సిన మాట," అన్నారు పరబ్రహ్మంగారు.