ఉరుసు నాటి జుబ్బా

దస్తగిరికి ఒళ్లు మండిపోతోంది. దర్గా పక్కన తాను నడిపే కుట్టుబడిలో సర్టిఫికెట్లు పుచ్చుకుని, ఆ పొద్దున బట్టల ఫ్యాక్టరీలో చేరిన పదకొండు మందీ మధ్యాహ్నానికల్లా తిరిగొచ్చారు. పనిలో చేయి తిరిగాక, ఒక నెల పోయాక రమ్మన్నాడట అక్కడి సూపర్‌వైజరు.

"ఈ కాలం పిల్లలకు ఒళ్లు వంగదు స్వామీ. మూడేళ్లుగా గొంతు చించుకుంటున్నా" అని దర్గాలోని గురువు జమాలప్ప దగ్గర మొరపెట్టుకున్నాడు.

"పద, నీ బడి చూద్దాం" అన్నాడు జమాలప్ప.

పన్నెండు మిషన్లు ప్లాస్టిక్ కవర్ల కింద తళతళలాడుతున్నాయి. దస్తగిరి ఒక కవరు తీసి, మురిపెంగా చేత్తో నిమిరాడు.

"ఒక్క గీత కూడా పడలేదు, చూడండి. నేను కుట్టి చూపిస్తా, పిల్లలు చుట్టూ నిలబడి చూస్తారు. వాళ్ల చేతికిస్తే సూదులు విరిచేస్తారు, గుడ్డ పాడుచేస్తారు."

జమాలప్ప మనిషిని పంపి, దర్గా పండగైన ఉరుసుకని ఎవరో భక్తుడిచ్చిన తెల్లగుడ్డ తెప్పించాడు. తిరిగొచ్చిన వాళ్లలో కాశింబీ అనే పిల్లను పిలిచి దాన్ని చేతిలో పెట్టాడు.

"నాకొక జుబ్బా కుట్టు తల్లీ. రేపు ఉరుసుకు వేసుకోవాల."

దస్తగిరి గుడ్డకు చేయి చాచాడు. "స్వామీ, ఆ పిల్ల వల్ల కాదు. ఇట్లీండి, నేను కుడతా!"

"నువ్వు నిలబడి చూడు" అన్నాడు జమాలప్ప.

చూశాడు. సాయంత్రం దాకా నిలబడే చూశాడు. సూది రెండుసార్లు విరిగింది. కాశింబీ కుట్టిందే విప్పి, విప్పిందే మళ్లీ కుట్టింది. దస్తగిరి చేతులు నలుపుకుంటూనే ఉన్నాడు.

మర్నాడు దర్గా దగ్గర జనం కిటకిటలాడుతుంటే జమాలప్ప ఆ జుబ్బాతోనే బయటికొచ్చాడు. కాలరు ఒక పక్కకు ఒరిగింది. ఒక చేయి మణికట్టు దాకా, ఇంకొకటి మోచేతికి కాస్త కింద దాకా ఉంది. ముందు వరసలో ఎవరో కిసుక్కుమన్నారు.

"ఎవరు స్వామీ ఈ పనిమంతుడు?" అన్నాడొక పెద్దమనిషి.

"కాశింబీ అంట! సర్టిఫికెట్టు కూడా ఉందంట!" అన్నారు వెనక నుంచి. అందరూ ఒక్కసారి ఆ పిల్ల వైపు తిరిగి నవ్వారు. కాశింబీ కొంగు నోట్లో కుక్కుకుని గోడ వైపు తిరిగిపోయింది.

ఆ సర్టిఫికెట్టు మీద ఉన్నది తన సంతకం. దస్తగిరికి సిగ్గేసింది. గురువు అసలు సంగతి చెబుతాడేమోనని చూశాడు. జమాలప్ప అతని వైపే చూస్తున్నాడు.

"నవ్వొద్దండి" అన్నాడు దస్తగిరి. ఎవరూ వినలేదు, ముందుకొచ్చి మళ్లీ అన్నాడు. "ఆ పిల్లను నవ్వొద్దండి. నేను నేర్పలేదు. మిషను ముట్టుకోనియ్యలేదు."

నవ్వులు ఆగిపోయాయి. తలెత్తే ధైర్యం లేక దస్తగిరి నేల చూస్తూ నిలబడ్డాడు.

జమాలప్ప పొట్టి చేతిని ఒకసారి కిందికి లాక్కుని, కాశింబీ దగ్గరికి నడిచాడు.

"నిన్న కుట్టింది మొదటిది తల్లీ. రేపు రెండోది కుడుదువు, బడికి రా."