కొలను పూడ్చడానికి మట్టి

ముందూ వెనకా తారుమారు చేస్తానేమో గానీ వదినా, కథ ఇది. ఒక రాజుగారు జలుబు చేస్తుందని భయపడి తోటలోని ఈతకొలనులో దిగడం మానేశారు. అప్పటినుంచి పనివాళ్ల పిల్లలు మధ్యాహ్నమంతా అందులోనే ఈదేవారు. ఆ గోలకు కునుకు పట్టడం లేదని దివాను రంగోజీ రాజుగారిని ఒప్పించి, కొలను పూడ్చేయమని తోటపని చూసే పోలమ్మకు చెప్పాడు. పిల్లలకు ఈతకు మరో చోటు లేదు. పోలమ్మకు ప్రాణం ఉసూరుమంది.

“మట్టి ఎక్కణ్ణుంచి తెమ్మంటారు దొరా? ఎక్కడ తవ్వినా అక్కడ ఇంకో గుంట పడుతుంది కదా,” అంది.

“ఆమాత్రం తెలీదా? ఇది తవ్వినప్పుడు వచ్చిన మట్టే తెచ్చి ఇందులో పొయ్యి,” అన్నాడు దివాను, రాజుగారి ముందే.

పోలమ్మ “చిత్తం” అని, గునపాలు పట్టిన మనుషులతో తిన్నగా దివాను మేడకు వెళ్లింది. దివాను పరుగెత్తుకొచ్చాడు.

“ఇదేం పనే?”

“ఆ మట్టంతా ఇక్కడ పోసి, మెరక చేసి, దానిమీదే తమరి మేడ కట్టారు దొరా. ఏ గోడ కింద మొదలుపెట్టమంటారు?”

వెనకాలే వచ్చిన రాజుగారు పొట్ట పట్టుకుని నవ్వారు. “నువ్వు చెప్పినట్టే చేస్తోంది కదయ్యా. మేడ కావాలో, కునుకు కావాలో తేల్చుకో.”

ఆ మధ్యాహ్నం దివాను చెవుల్లో దూది పెట్టుకుని పడుకున్నాడు. పిల్లలు కొలనులో దూకుతూనే ఉన్నారు.

దివాను రంగోజీయో, నాగోజీయో. పేర్లు ఒకసారి చూసిపెట్టు, వదినా.