వ్యాను వణుకు

కొండమీది ఆశ్రమానికి ఉన్నది ఒక్కటే బండి, పాత పెట్రోలు వ్యాను. దాన్ని చూసుకునేది వరహాలు. కాషాయం కట్టకముందు అనకాపల్లిలో మెకానిక్కు. తన పనితనం మీద కాస్త గర్వం కూడా ఉండేది, దాచడమెందుకు!

కొన్నాళ్ళుగా ఆ వ్యాను పేచీ పెడుతోంది. రోడ్డు మీద పరుగెత్తినంతసేపూ బాగానే ఉంటుంది. ఇంజను ఆపకుండా ఒకచోట నిలబెడితే చాలు, చలిజ్వరం వచ్చినట్టు వణికిపోతుంది. ఎక్కడో పైపు చిరిగి, ఇంజను పక్కదారిన గాలి లాగేస్తోందని వరహాలుకి తెలుసు. కానీ పైపులన్నీ ఒక్కొక్కటే వెతకాలి కదా, ఆ ఓపిక ఎవరికి? కార్బురేటర్ స్క్రూ బిగించి ఇంజను వేగం పెంచేశాడు. వణుకు పోయింది.

"చూశారా స్వామీ, ఒక్క స్క్రూ తిప్పి ఎలా దారికి తెచ్చానో!" అన్నాడు గురువుగారితో.

అచ్యుతస్వామి బండివైపు ఓసారి చూసి లోపలికి వెళ్ళిపోయారు.

మర్నాడు పొద్దున్నే ఆశ్రమం పక్క గూడెంలోని చిలకమ్మను కొండ కిందనున్న ఆసుపత్రికి తీసుకెళ్ళాలి. నిండుచూలాలు. బిడ్డ అడ్డం తిరిగింది, మధ్యాహ్నంలోగా చేర్చకపోతే ఇద్దరికీ ప్రమాదమని గూడెం నర్సమ్మ చెప్పింది. చిలకమ్మను వెనక సీట్లో పడుకోబెట్టారు. వరహాలు బండి తీయబోతుంటే స్వామి అడ్డంగా వచ్చి నిలబడ్డారు.

"ఎందుకిది ఇంతలా అరుస్తోంది?"

"అరవకపోతే వణుకుతుంది స్వామీ."

"వణకనీ. ఎంత తిప్పావో అంతా వెనక్కి తిప్పు."

వరహాలుకి ఒళ్ళు మండింది. ఇంజనంటే ఏమిటో తెలియని మనిషి, ఇదా సమయం! కానీ గురువు మాట. దిగి స్క్రూ వెనక్కి తిప్పాడు. పాత వణుకు మళ్ళీ మొదలైంది.

"ఇప్పుడు విను" అన్నారు స్వామి.

వినక తప్పలేదు. వింటుంటే ఇన్నాళ్ళూ బద్ధకించిన పని గుర్తొచ్చి సిగ్గేసింది. నీళ్ళకోసం అటూ ఇటూ చూశాడు. స్వామి తన కమండలం అందించారు. ఒక్కొక్క పైపు మీదా కొంచెం కొంచెంగా నీళ్ళు పోస్తూ వెళ్ళాడు. చిరుగు మీద నీళ్ళు పడితే గాలికి దారి మూసుకుని ఇంజను మాట మారుతుంది.

"ఏటి బాబూ, ఇంకా ఎంతసేపేటి?" లోపలినుంచి చిలకమ్మ మూలిగింది. "మీ బండికి నీళ్ళొయ్యడం అయ్యేలోగా నాకు పురుడయిపోయీలా ఉంది!"

"అయిపోయిందమ్మా, అయిపోయింది."

లావుపాటి పైపు మీద నీళ్ళు పడగానే ఇంజను ఒక్క క్షణం కుదురుగా తిరిగింది. నీళ్ళు లోపలికి పీల్చుకుని మళ్ళీ వణికింది. వరహాలు ఇంజను ఆపి ఆ పైపును వంచి చూశాడు. కొసన నోరు తెరిచినట్టున్న చిరుగు.

అది ఇంజనునుంచి బ్రేకుకి బలం అందించే పైపు.

ఇన్నాళ్ళూ బ్రేకు గట్టిగా తగులుతుంటే తన కాలే అలిసిందనుకున్నాడు. ఘాట్ రోడ్డు, ఆ మలుపులు, వెనక సీట్లో చిలకమ్మ. ఆ పైపు దారిలో ఊడి ఉంటే? అక్కడే నేలమీద కూలబడ్డాడు.

తర్వాత లేచి చిరిగిన కొస కోసేశాడు. మిగిలిన పైపు లాగి తొడిగి, క్లిప్పు బిగించాడు. ఇంజను నిమ్మళంగా తిరిగింది. బ్రేకు తొక్కితే కాలికింద మెత్తగా దిగింది. పరుగున వచ్చి స్వామి కాళ్ళమీద పడ్డాడు.

"మీరు కాపాడారు స్వామీ. ఆ తల్లినీ, బిడ్డనీ, నన్నూ..."

స్వామి కాళ్ళు వెనక్కి తీసుకున్నారు. అతన్ని లేపి, గ్రీజు అంటిన ఆ రెండు చేతులూ పట్టుకుని వ్యాను వైపు తిప్పారు.

"దణ్ణం దానికి పెట్టు నాయనా. నువ్వెంత నోరు నొక్కినా చెప్పడం మానలేదు."